అలీకీ టైసన్‌కీ జోడీ కట్టాలంటే

నెల్లూరు ట్రంకు రోడ్డు మీద టీ కొట్టు దగ్గరైనా, ఒంగోల్లో జిమ్ము బయటైనా వేరువేరు కాలాల హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్లు మహమ్మద్ అలీ, మైక్ టైసన్ తలపడితే ఎవరు గెలుస్తారన్న ఈ వాదన ఒకేలా మొదలవుతుంది. "ఏంది బావా, టైసన్ ముందర అలీ నిలబడతాడంటావా?" "నిలబడేదేంది, ఆడిస్తాడు." పది నిమిషాలకి గొంతులు లేస్తాయి, గ్లాసులో టీ చల్లారిపోతుంది, ఎవరి మాట వాళ్లదే. ఒకడి బుర్రలో 1966 నాటి అలీ ఉంటాడు. రెండోవాడి బుర్రలో 1980లో లారీ హోమ్స్ దెబ్బలకి పది రౌండ్లు నలిగి, మూలన కుర్చీలోనే ఆగిపోయిన అలీ ఉంటాడు. ఒకడు 15 రౌండ్లు అనుకుంటాడు, ఇంకొకడు 12. ఇద్దరూ రెండు వేరువేరు ఫైట్ల గురించి కొట్లాడుకుంటున్నారన్నమాట.

బండలాగుడు పందేలు చూసే ఊళ్లలో ఇది ఇంత వివరంగా చెప్పాల్సిన పని లేదు. ఫలానా ఎద్దుల జత ఇన్ని వేల అడుగులు లాగిందని ఎవరైనా అంటే, వినేవాడు ఔరా అనే ముందు అడిగేవి నాలుగు: బండ ఎన్ని క్వింటాళ్లు, టైం ఎన్ని నిమిషాలు, ఏ విభాగం (రెండు పళ్లా, ఆరు పళ్లా, సీనియర్సా), నేల ఎట్లాంటిది. అవి తెలీకుండా అడుగుల లెక్క వినడం దండగ. బాక్సర్ల జోడీకీ ఇదే పద్ధతి. షరతులు ముందు రాసుకోవాలి, పేర్లు తర్వాత. చాలా జోడీల్లో షరతు మారితే గెలిచేవాడే మారిపోతాడు.

మొదట తేదీ

పేరు పక్కన తేదీ లేకపోతే ఆ జోడీని పక్కన పడేయండి. "టైసన్" అంటే చాలదు. 1986 నవంబరులో ట్రెవర్ బెర్బిక్‌ని రెండో రౌండులో పడగొట్టి ఇరవై ఏళ్లకే చాంపియన్ అయిన టైసన్, 1988 జూన్‌లో మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో ముగించిన టైసన్ దాదాపు ఒకే మనిషి. ఆ ఏడాది చివర్లో శిక్షకుడు కెవిన్ రూనీని తీసేశాక తల కదలిక తగ్గింది, ఒక్కో గుద్దు కోసం కాచుకోవడం ఎక్కువైంది. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో పడిపోయింది ఆ రెండో టైసన్. 2002లో లెనాక్స్ లూయిస్ ముందు నిలబడినవాడు మూడో మనిషి. లూయిస్ గెలిచాడు కాబట్టి లూయిస్ గొప్ప అనే వాదన ఇక్కడే జారిపోతుంది.

అలీకి రెండు తేదీలు పనికొస్తాయి. ఒకటి 1966 నవంబరు నుంచి 1967 మార్చి దాకా: కాళ్లు గాల్లో ఉన్న కాలం. రెండోది 1974 - 75: కాళ్లు బరువెక్కి, బుర్ర పదునెక్కిన కాలం. మధ్యలో మూడున్నరేళ్లు రింగుకి దూరంగా ఉంచారు కాబట్టి ఈ రెంటి మధ్య సగటు తీయకూడదు.

వయసు మీద పడ్డాక దొరికిన గెలుపుల్ని లెక్కలోంచి తీసేయాలి. 1951 అక్టోబరులో రాకీ మార్సియానో ఎనిమిదో రౌండులో జో లూయీని పడగొట్టాడు. అప్పటికి లూయీకి 37. దాన్నిబట్టి "అసలు లూయీ" మీద మార్సియానో గెలుస్తాడనడం కుదరదు. 1988 జనవరిలో హోమ్స్ మీద టైసన్ గెలుపుకీ ఇదే మాట, హోమ్స్‌కి అప్పటికి 38.

రౌండ్లు, రెఫరీ, గ్లవ్‌లు

రౌండ్ల సంఖ్య చిన్న విషయంలా కనిపిస్తుంది. రెండు ఫైట్లు చూడండి. 1941 జూన్‌లో బిల్లీ కాన్ 12 రౌండ్లు అయ్యేసరికి జో లూయీ మీద ముందంజలో ఉన్నాడు. 13వ రౌండులో లూయీ పడగొట్టాడు. 1952 సెప్టెంబరులో జెర్సీ జో వాల్కాట్ 12 రౌండ్ల తర్వాత ముగ్గురి స్కోరు కార్డుల మీదా మార్సియానో కంటే ముందున్నాడు. 13వ రౌండులో ఒక్క కుడిచేతి గుద్దుతో అంతా అయిపోయింది. ఇవాళ్టి 12 రౌండ్ల లెక్కన కాన్ చాంపియన్, వాల్కాట్ చాంపియన్, మార్సియానో పేరు పక్కన 49 - 0 (49 గెలుపులు, ఓటమి లేదు) అనే అంకె ఉండదు.

15 నుంచి 12కి దిగడం 1982 నవంబరులో మాన్సినీ చేతిలో దెబ్బలు తిని డుక్ కూ కిమ్ చనిపోయాక మొదలైంది. టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో డబ్ల్యూబీసీ 1983 నుంచి మార్చింది, మిగతావి 1980ల చివరికి మార్చాయి. ఇంకా వెనక్కి పోతే 45 రౌండ్లు. 1915లో హవానాలో జాక్ జాన్సన్ 26వ రౌండులో జెస్ విల్లర్డ్‌కి ఓడాడు. 45 రౌండ్లకి తయారైనవాడు మొదట్లో ఒంటిని దాచుకుంటాడు. ఆ నిదానం చూసి "జాన్సన్ గుద్దులు తక్కువ" అని రాసుకుంటే మీ కాగితమే తప్పు.

రెఫరీ సంగతి కూడా రాసుకోండి. 1919 జులైలో టొలీడోలో జాక్ డెంప్సీ మొదటి రౌండులోనే విల్లర్డ్‌ని ఏడుసార్లు పడేశాడు. విల్లర్డ్ లేస్తుండగా డెంప్సీ పక్కనే నిలబడి మళ్లీ కొట్టాడు. ఆరోజుకి అది తప్పు కాదు. పడేసినవాడు దూరపు మూలకి పోవాలన్న నియమం 1927లో జీన్ టన్నీ మీద డెంప్సీకే అడ్డం తిరిగింది: అతను వెంటనే మూలకి పోలేదు, లెక్క ఆలస్యంగా మొదలైంది, టన్నీకి పది సెకన్ల కంటే ఎక్కువ దొరికింది, లేచి పది రౌండ్లూ నడిపి గెలిచాడు. అందుకని మీ జోడీలో డెంప్సీ ఉంటే, పక్కనే నిలబడనిస్తారా లేదా అన్నది మొదటే తేల్చండి. క్లించ్, అంటే ఎదుటివాణ్ణి చుట్టి పట్టుకోవడాన్ని రెఫరీ ఎంతసేపు ఊరుకుంటాడన్నది అలీ, హోలీఫీల్డ్, క్లిచ్కో లాంటివాళ్లకి ప్రాణం లాంటిది. దానికీ ఒక గీత గీయండి.

ఇవాళ హెవీవెయిట్ గ్లవ్ 10 ఔన్సులు, ఒక్కోటి సుమారు 284 గ్రాములు. పాతకాలంలో ఇంకా తేలికవి. తేలిక గ్లవ్‌తో చర్మం త్వరగా తెగుతుంది, మొహానికి అడ్డం పెట్టుకున్నా దాని వెనక దాక్కోవడం కష్టం. ఇవాళ గ్లవ్‌ల చాటున బతికే బాక్సర్ పాత గ్లవ్‌లతో అంత నిశ్చింతగా ఉండలేడు.

కాలం మార్చేటప్పుడు మనిషిని ఎట్లా తేవాలన్నది ఇంకో మెలిక. ఉన్నవాణ్ణి ఉన్నట్టే ఎత్తి తేవడం ఒక దారి. ఇక్కడే పుట్టి, ఇప్పటి తిండి తిని, ఇప్పటి శిక్షణతో పెరిగాడనుకోవడం రెండోది. రెండోదాన్ని సరిచూసుకునే ఫిల్ము లేదు, అది కథల్లోకి పోతుంది. ఉన్నవాణ్ణే తెచ్చి, ఇద్దరికీ ఆరు వారాల టైమూ, ఎదుటివాడి ఫిల్ములూ ఇచ్చామనుకోండి. ఫిల్ముల షరతు మర్చిపోతే తర్వాత పుట్టినవాడికి ఊరికే లాభం వస్తుంది. టైసన్ అలీని చూసి నేర్చుకున్నాడు, అలీ టైసన్‌ని చూసి తయారవలేదు.

ఒళ్లు కొలవడం

మూడు కొలతలు చాలు: ఎత్తు, రీచ్, ఆ రాత్రి బరువు. రీచ్ అంటే రెండు చేతులూ బారచాపితే ఒక వేలి చివరి నుంచి ఇంకో వేలి చివరి దాకా. బరువు మాత్రం మీరు రాసుకున్న తేదీదే తీసుకోండి, కెరీర్ మొత్తం సగటు కాదు. పౌన్లలో ఉంటే 2.2తో భాగిస్తే కిలోలు వస్తాయి.

మార్సియానో: 5 అడుగుల పదిన్నర అంగుళాలు, రీచ్ 68 అంగుళాలు, 84 - 85 కిలోలు. టైసన్: 5 అడుగుల 10, రీచ్ 71, స్పింక్స్ రాత్రి 99 కిలోలు. అలీ: 6 అడుగుల 3, రీచ్ 78, 1966లో 96 కిలోల చిల్లర. లెనాక్స్ లూయిస్: 6 అడుగుల 5, రీచ్ 84. టైసన్ ఫ్యూరీ: 6 అడుగుల 9, రీచ్ 85, 2020లో వైల్డర్‌ని ఓడించిన రాత్రి 124 కిలోలు.

ఇవాళ 90.7 కిలోలు (200 పౌన్లు) దాటితేనే హెవీవెయిట్. దాని కింద క్రూజర్‌వెయిట్ ఉంది, 1979 - 80లో పుట్టింది. మార్సియానో, 1919 నాటి డెంప్సీ ఇద్దరూ ఇవాళ త్రాసెక్కితే క్రూజర్‌లే. మార్సియానోకీ ఫ్యూరీకీ మధ్య దాదాపు 39 కిలోల తేడా. ఆ జోడీ మీద సాయంత్రమంతా కూర్చోవడం టీ డబ్బులు దండగ.

అట్లాగని బరువే తీర్పు అనుకుంటే ఇంకో గోతిలో పడతాం. డెంప్సీ 85 కిలోలతో 111 కిలోల విల్లర్డ్‌ని చితక్కొట్టాడు. 2024 డిసెంబరులో రియాద్‌లో ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ దాదాపు 25 కిలోల తేడా ఉన్న ఫ్యూరీని రెండోసారి ఓడించాడు. చిన్నవాడు గెలవాలంటే కాళ్లు కావాలి: దూరంలోకి దూకి, రెండు గుద్దులు వేసి, పక్కకి జరిగి వచ్చేయాలి. ఉసిక్‌కి అదుంది, పైగా ఎడమచేతి వాటం. మార్సియానో పని ముందుకు నడవడం, భుజాలతో తోయడం, అలుపెరగకుండా కొట్టడం. 25 కిలోల తేడా ఉన్నవాణ్ణి తోసుకుంటూ పోతే మొదట అలిసేది చిన్నవాడే.

ఫిల్ము చూడటం

అసలు కష్టం ఇక్కడుంది, ఎక్కువ తప్పులూ ఇక్కడే.

మూగ ఫిల్ముల కాలం నాటి ఫైట్లలో బాక్సర్లు కీలుబొమ్మల్లా గబగబా కదులుతుంటారు. అది వాళ్ల వేగం కాదు. సెకనుకి సుమారు 16 బొమ్మలు తీసిన రీలుని 24 లెక్కన తిప్పితే ఎవరైనా ఒకటిన్నర రెట్లు వేగంగా కనిపిస్తారు. సరిచూడటం తేలిక: గంట నుంచి గంట దాకా కోత లేని రౌండు ఒకటి పట్టుకుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. మూడు నిమిషాల రౌండు రెండు నిమిషాలకే అయిపోతే వేగాన్ని 0.65 - 0.7 మధ్యకి దించండి. 180 సెకన్లకి దగ్గరగా వచ్చాక మళ్లీ చూడండి, వేరే మనిషి కనిపిస్తాడు. రౌండు మధ్యలో కోతలుంటే ఈ లెక్క పనికిరాదు, రెఫరీ నడక చూసి అంచనా కట్టాలి.

ఎంచుకునేవి మూడు: అతని గొప్ప రాత్రి, చచ్చీచెడీ గెలిచిన రాత్రి, ఇబ్బందిపడ్డ లేదా ఓడిన రాత్రి. నాకౌట్లు కత్తిరించి అతికించిన క్లిప్పులు ముట్టుకోవద్దు. వాటిలో ప్రతి బాక్సరూ అజేయుడే. వ్యాఖ్యాత గొంతు ఆపేయండి. "అబ్బ, ఏం దెబ్బ" అని అతను అరిస్తే మన కన్ను తగలని గుద్దుని కూడా తగిలినట్టు చూస్తుంది.

ఒక్కో ఫైట్ మూడుసార్లు. మొదటిసారి కాళ్లు మాత్రమే. రెండోసారి ముందుచెయ్యి: జాబ్ (ముందుచేత్తో సూటిగా వేసే గుద్దు) వేశాక అది మళ్లీ గడ్డం దగ్గరికి వస్తోందా, నడుం దగ్గరికి జారుతోందా. మూడోసారి, దెబ్బ తగిలాక మొదటి ఐదు సెకన్లు ఏం చేస్తున్నాడో: పట్టుకుంటున్నాడా, వెనక్కి పోతున్నాడా, తిరిగి కొడుతున్నాడా. ఈ మూడోది అలవాటు, కంగారులో మారదు. జోడీ తీర్పుకి దీనికి మించిన సాక్ష్యం లేదు.

తగిలిన గుద్దుల లెక్కలు కంప్యూబాక్స్ పేరుతో 1985 నుంచి మొదలయ్యాయి. అంతకుముందువి తర్వాత ఫిల్ము చూసి వేసినవి. ఒకే కెమెరా, ఒకే కోణం, సగం గుద్దులు రెఫరీ వీపు వెనక. ఆ అంకెల్ని ఇవాళ్టి వాటితో పక్కపక్కన పెట్టకండి.

గొలుసు లెక్క పనిచేయదు

"వాడు వీణ్ణి కొట్టాడు, వీడు ఇంకోణ్ణి కొట్టాడు, కాబట్టి..." అన్నవాడికి ఈ ముక్కోణం చూపించండి. 1971లో జో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు. 1974 అక్టోబరులో కిన్షాసాలో అలీ ఎనిమిదో రౌండులో ఫోర్‌మన్‌ని పడగొట్టాడు. పక్కన నార్టన్‌ని కూడా చేర్చండి: 1973లో అలీ దవడ విరగ్గొట్టి గెలిచినవాడు, ఏడాదికే ఫోర్‌మన్ ముందు రెండు రౌండ్లు.

కాబట్టి ఎవరిని ఓడించాడన్నదాని బదులు ఎట్లాంటివాణ్ణి ఓడించాడో చూడండి. పొట్టిగా ముందుకొచ్చేవాడు, పొడుగ్గా జాబ్ వేసేవాడు, పట్టుకుని కాలం గడిపేవాడు, ఎడమచేతి వాటంవాడు. మీ జోడీలో ఎదుటివాడు ఏ రకమో, ఆ రకం మీద ఇతను ఆడిన ఫైట్లే వెతకాలి.

ఒక జోడీ పూర్తిగా: 1967 అలీ, 1988 టైసన్

షరతులు: 12 రౌండ్లు, 10 ఔన్సుల గ్లవ్‌లు, 20 అడుగుల రింగు, క్లించ్‌ని త్వరగా విడదీసే రెఫరీ.

టైసన్ వైపు మొదట. 1986 నవంబరు నుంచి 1988 జూన్ దాకా టైటిల్ ఫైట్లు ఎనిమిది. ఆరు నాకౌట్లు, వాటిలో అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది టైరెల్ బిగ్స్ మీద, ఏడో రౌండులో. మిగతా రెండూ 12 రౌండ్లూ నడిచి పాయింట్ల మీద తేలాయి: బోన్‌క్రషర్ స్మిత్, టోనీ టక్కర్. ఏడో రౌండు తర్వాత ఎవర్నీ ఆపలేదన్నమాట. స్మిత్ అతుక్కుపోయి రాత్రంతా పట్టుకున్నాడు, టక్కర్ పొడుగు చేతులతో జాబ్ వేసి, అందినప్పుడు పట్టుకున్నాడు. ఈ రెండు పనులూ అలీకి వాళ్లకంటే బాగా వచ్చు.

ఇక అలీ లోపం. గుద్దు వస్తుంటే చేతులు కింద పెట్టి, తల వెనక్కి లాగడం అతని అలవాటు. 1962లో సానీ బ్యాంక్స్, 1963లో లండన్‌లో హెన్రీ కూపర్, 1971లో 15వ రౌండులో ఫ్రేజియర్: అతన్ని పడేసిన ఈ ముగ్గురిదీ ఎడమ హుక్కే (పక్క నుంచి వంపుగా వచ్చే గుద్దు). కూపర్ దెబ్బ నాలుగో రౌండు చివర్లో తాళ్ల దగ్గర తగిలింది. లేచాడు, గంట కాపాడింది. వెనక్కి లాగిన తల తాళ్ల దగ్గర ఇంక వెనక్కి పోలేదు, హుక్ అక్కడ అందుతుంది. టైసన్ ఎడమ హుక్ కూపర్‌దాని కంటే బరువైంది, దాని వెనకే ఇంకో రెండు వస్తాయి.

టైసన్ లోపలికి రావాలంటే ఏడు అంగుళాల రీచ్ తేడా దాటాలి. గ్లవ్‌లు చెంపలకి ఆనించి, జాబ్ కింద తల జార్చి, అడుగు వేసి పక్కటెముకల మీద కుడి హుక్, అదే చేత్తో అప్పర్‌కట్ (కింద నుంచి గడ్డం మీదికి లేచే గుద్దు). ఇది నిలబడి ఉన్నవాడి మీద పనిచేసే పని. అలీ తన ఎడమవైపుకి తిరుగుతూ ఉంటాడు, అంటే ఎదుటివాడి ఎడమ హుక్‌కి దూరంగా. టైసన్ అడుగు పెట్టేసరికి కొట్టాల్సిన మనిషి అక్కడ ఉండడు, మళ్లీ మొదటి నుంచి. టైసన్ రింగులో దారి మూసి ఎదుటివాణ్ణి మూలకి తోలడంలో ఫ్రేజియర్ అంత ఓపికమంతుడు కాదు. సూటిగా వస్తాడు, అందినంత కొడతాడు, పట్టుకుంటే విడదీసేదాకా ఊరుకుంటాడు.

మొదటి మూడు రౌండ్లలో ఒకసారి అలీ పడతాడనుకోవచ్చు. లేవగలడా? ముగ్గురి చేతిలో పడ్డప్పుడూ లేచాడు, షువాలో లాంటి మొండివాడితో 1966లో 15 రౌండ్లు ఒంటి మీద దెబ్బలు తిని గెలిచాడు. ఐదో రౌండు దాటితే టైసన్ గుద్దులు ఒక్కోటిగా రావడం మొదలవుతుంది, అలీ జాబ్‌కి అదే కావాలి.

తీర్పుని "వీడే గెలుస్తాడు" అని రాయకండి. పదిసార్లు తలపడితే ఎన్నిసార్లు, ఏ రౌండులో అని రాయండి. మా కాగితం మీద అలీ ఆరు (నాలుగు పాయింట్ల మీద, రెండు పదో రౌండు తర్వాత), టైసన్ నాలుగు, అన్నీ నాలుగో రౌండు లోపే. ఇప్పుడు షరతులు కదపండి. 15 రౌండ్లు చేసి, క్లించ్‌ని ఊరుకునే రెఫరీని పెడితే అలీ ఎనిమిది. రింగుని 16 అడుగులకి కుదిస్తే ఐదూ ఐదూ. 1967 అలీ బదులు 1971 మార్చి నాటి అలీని పెడితే, కాళ్లు అప్పటికే తగ్గాయి, టైసన్ ఆరు. టీ కొట్టు దగ్గర గొంతులు లేపిన ఇద్దరూ ఎవరి షరతుల్లో వాళ్లు రైటే.

కంప్యూటర్ తేలుస్తుందిగా అంటారు. 1969లో మార్సియానో, అలీ ఇద్దర్నీ రింగులో నటింపజేసి, కంప్యూటర్ లెక్క పేరుతో 1970 జనవరిలో సినిమా హాళ్లలో వేశారు. అమెరికాలో 13వ రౌండులో మార్సియానో గెలిచాడు, బ్రిటన్‌లో చూపించినదాంట్లో అలీ గెలిచాడు. రెండు ముగింపులూ ముందే తీసిపెట్టుకున్నారు. ఇవాళ్టి వీడియో గేములూ అంతే, ఎవరికి ఎన్ని మార్కులు వేయాలో ఎవడో కూర్చుని వేసిందే.

కసరత్తుకి ఇంకో జోడీ: 1973 ఫోర్‌మన్, 1988 టైసన్. రకం చూడండి. పొట్టిగా, వంగి, ముందుకొచ్చేవాడి మీద ఫోర్‌మన్ ఏం చేశాడో ఫ్రేజియర్‌తో ఆడిన కింగ్‌స్టన్ ఫిల్ములో ఉంది: చేత్తో తోసి దూరం పెట్టడం, తల పైకి లేచే చోట అప్పర్‌కట్. టైసన్ చేతులు ఫ్రేజియర్ కంటే చాలా వేగం, తల కదలిక మెరుగు, మొదటి నిమిషం నుంచే ప్రమాదం. కానీ రావాల్సింది అదే దూరానికి, అదే ఎత్తులో. ఫోర్‌మన్ ఆరు, టైసన్ నాలుగు. 12 రౌండ్లా, 15 రౌండ్లా అని ఈ ఒక్క జోడీకి అడగక్కర్లేదు, ఐదో గంట మోగదు.